గుట్ట మీద కొలిచిన దూరం

ఇరవై రెండు కిలోమీటర్లు కొలిచిన రోజున నేను గుట్ట మీద నిలబడి ఉన్నాను. ఆ దూరం ఆరేళ్లపాటు అందరికీ చెప్పాను. గుట్ట సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కువైట్‌లోని షువైఖ్‌లో వాకీటాకీలు అమ్మే దుకాణంలో నా పని. గ్యారేజీల వీధి వెనక, గుడారాలూ గ్యాస్ పొయ్యిలూ నీళ్ల డ్రమ్ములూ అమ్మే కొట్ల వరసలో ఉంటుంది. చలి మొదలైందంటే కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. డేగలున్నవాళ్లు వాటిని పావురాల మీదికి వదిలి వేట నేర్పుతారు. డేగ ఎటు పోతుందో తెలియదు కాబట్టి రెండు మూడు బళ్లు తలా ఒక దిక్కు పట్టుకుని పోతాయి. ఫోనుకు సిగ్నల్ దొరకని చోట్లు అవి. బండికీ బండికీ మాట కలవాలంటే మా దగ్గరికి రావలసిందే.

పెట్టె మీద యాభై కిలోమీటర్లు అని అచ్చు వేసి ఉంటుంది. వేటగాళ్లెవరూ దాన్ని నమ్మరు. “అది సరే, నువ్వు చెప్పు” అంటారు. అందుకని పనిలో చేరిన కొత్తలో ఒక శుక్రవారం నేను సెట్టు పట్టుకుని ముత్లా గుట్ట ఎక్కాను. మా దుకాణం డ్రైవరు రెండో సెట్టుతో కింద చదునులో సాల్మీ రోడ్డు మీద పోతూ ఉన్నాడు. ఇరవై రెండు కిలోమీటర్ల దగ్గర అతని మాట గరగరలో కలిసిపోయింది. ఆ అంకె నాకు బాగా పనికొచ్చింది. “నేనే స్వయంగా కొలిచాను, ఇరవై దాటుతుంది” అనేవాణ్ణి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

కానీ ఈ సెట్ల మాట కంటిచూపులాంటిది. అడ్డం వస్తే ఆగిపోతుంది. గుట్ట మీద ఉన్నవాడికి కిందనున్నదంతా కనపడుతుంది కాబట్టి ఇరవై రెండు పలికింది. చదును నేల మీద ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటే ఐదు కిలోమీటర్లు, ఆరు. బండిలో అద్దాలెత్తుకుని కూర్చుంటే అందులో సగం. ఇసుక గుంతలో దిగితే రెండు కూడా అనుమానమే. వేటకు పోయేవాళ్లు గుట్టలెక్కి కూర్చోరు. బళ్లలో ఉంటారు, గుంతల్లో ఉంటారు. ఇది నాకు తెలుసు. తెలియక చెప్పిన మాట కాదు.

ఆ అంకెను నమ్మిన ఒకాయన మా దుకాణానికి మొదటిసారి వచ్చింది తన యజమానితో. సబా అల్ సలేంలో ఒక పెద్ద ఇంట్లో పదకొండేళ్లుగా వంట చేసేవాడు, బండి తోలేవాడు, డేగను చూసుకునేవాడు ఆయనే. ఇళ్లలో పనిచేసేవాళ్లు అందరూ పిలిచినట్టే యజమానిని బాబా అని పిలిచేవాడు. నాకంటే ఆరేడేళ్లు పెద్ద కాబట్టి ‘నా’ అని, అంటే అన్నా అని పిలిచేవాణ్ణి. నేను ఫోనులో మా ఇంటికి మాట్లాడుతుండగా విని కౌంటరు మీదికి వంగాడు.

“ఏమబ్బీ, రాయచోటికాడనా మీది?”

“ఆ పక్కనే నా. మీదీ?”

“లక్కిరెడ్డిపల్లెకాడ. నీ మాట వింటానే అనుకున్యా.”

బాబా లోపల గుడారాలు చూస్తున్నాడు. ఆయన తన డేగ గురించి చెప్పుకొచ్చాడు. దానికి రోజూ మాంసం కోసి పెట్టేది ఆయనే. “ఇంటికాడ కోడిని కోస్తే మొదటి ముక్క నాకు. ఈడ కోడిని కోస్తే మొదటి ముక్క దానికి. అది తిన్యాక గదా నాకు వంట” అని నవ్వాడు. ఆ నవ్వులో ఫిర్యాదు లేదు. తన చేతి మీద తప్ప ఇంకెవరి చేతి మీదా అది మెదలకుండా కూర్చోదని రెండుసార్లు చెప్పాడు.

తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “బాబాతో యాపారం మాట ఏమన్నా చెప్పుకో. నాకు నిజం చెప్పు. యాడిదాకా పలుకుతాది ఇది?”

“ఇరవై దాటి పలుకుతాది నా. నేనే కొలిచినా.”

“నువ్వే కొలిచినావా?”

“నేనే.”

“అయితే సరిపాయ. పెట్టె మీద రాసింది నమ్మను గానీ మనూరోడు కొలిచింది నమ్మొచ్చు.”

రెండు సెట్లు తీసుకున్నారు. చెయ్యెత్తినప్పుడు పొడుగాటి ఏరియల్ డేగకు తగులుతోందని బాబా అంటే, వాటిని తీసేసి వేలెడంత పొట్టివి బిగించాను. పొట్టి ఏరియల్‌తో దూరం ఇంకా తగ్గుతుంది. అదీ చెప్పలేదు. చెబితే పొడుగుదా పొట్టిదా అని బేరం మళ్లీ మొదలవుతుంది.

ఆ మార్చి చివర్లో జరిగింది నాకు బాబా నోటా ఆయన నోటా ముక్కలు ముక్కలుగా తెలిసింది. కలిపి రాస్తున్నాను. సాల్మీ వైపు ఎడారిలో డేగను వదిలారు. అది పావురం వెంట పోతుండగా పైనుంచి ఒక గద్ద వచ్చి పడింది. రెండూ దొర్లుతూ దూరంగా దిగాయి. బాబా ఒక దిక్కుకు పోయాడు. మా అన్న నీళ్ల డ్రమ్ములున్న పికప్ తీసుకుని ఇంకో దిక్కుకు పోయాడు. డేగ ఆయనకే దొరికింది, ఒక గుంత అడుగున, రెక్క వేలాడేసుకుని. దాన్ని తలగుడ్డలో చుట్టి బండెక్కాడు. గుంతలోకి దించిన బరువు బండి ఇసుకలో కూరుకుపోయింది. సెట్టు తీసి పిలిచాడు. జవాబు లేదు. ఏదైనా అయితే కదలకుండా ఉన్నచోటే ఉండి పిలవాలని బాబా మొదటినుంచీ చెప్పిన పద్ధతి. అందుకని అక్కడే ఉండి పిలుస్తూనే ఉన్నాడు. ఎండ ముదిరాక పక్షిని నీడలో ఉంచడానికి బండి కిందికి దూరి, దాన్ని గుండె మీద పెట్టుకుని పడుకున్నాడు. మూడు గంటల తర్వాత బాబా బండి గుంత అంచుకు వచ్చి చూసేసరికి ఆయన కనిపించింది అలా, నిద్రపోతున్నట్టు. పక్కన సెట్టు, ఆఫ్ అయిపోయి.

పక్షుల ఆసుపత్రిలో ముందే తెస్తే బాగుండేదన్నారు. రెక్క మళ్లీ ఎగిరే రెక్క కాలేదు.

రెండు రోజులకు బాబా మా దుకాణానికి వచ్చాడు. రెండు సెట్లూ కౌంటరు మీద పెట్టాడు. వెనక ఆయన. ఆ సమయానికి దుకాణంలో ఇంకో వేట గుంపు ఉంది. పది సెట్లు కావాలని వచ్చారు. వాళ్లకు ఇరవై కిలోమీటర్లని చెప్పి నేను రెండు నిమిషాలు కాలేదు. మా మేనేజరు వాళ్లకు టీ పోయిస్తున్నాడు.

బాబా సగం హిందీ సగం అరబ్బీలో అడిగాడు. “ఎనిమిది కిలోమీటర్లు. వీడు పిలిచానంటాడు. నాకు వినపడలేదు. సెట్టు పాడయిందా, మనిషి పాడయ్యాడా?”

నేను సెట్లు చూశాను. వేటకు ముందురోజు రాత్రి రెండూ కలిపి ఛార్జింగ్ పెట్టానని, ఆ తర్వాత పెట్టలేదని ఆయన చెప్పాడు. బాబా సెట్టులో ఇంకా సగానికి పైగా బ్యాటరీ ఉంది. ఆయన సెట్టులో చుక్క లేదు. ఊరికే వింటూ ఉన్న సెట్టు పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా నడుస్తుంది. ఆపేసిన సెట్టు అయితే అసలు దిగదు. బటన్ నొక్కి మాట్లాడుతూ పోతేనే అంత త్వరగా ఖాళీ అవుతుంది. ఆయన పిలిచాడు, మళ్లీ మళ్లీ పిలిచాడు. ఆ చచ్చిన బ్యాటరీ నా చేతిలోనే ఉంది. ఆ సంగతి చదవగలిగినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే.

ఛార్జింగ్ పెట్టి మాట్లాడి చూశాను. రెండూ శుభ్రంగా పలికాయి.

“సెట్లు బాగున్నాయి బాబా.”

“ఎనిమిది అందుతుందా?”

వేట గుంపు మాటలు ఆపి మావైపు చూస్తోంది. ఆయన తెలుగులో అన్నాడు, “అబ్బీ, నేను గుంతలో ఉన్యా. అదీ చూసుకోని చెప్పు.”

“అందుతుంది బాబా. అకీద్.” తప్పకుండా అని.

“ఖలాస్” అన్నాడు బాబా, ఇక అయిపోయిందన్నట్టు.

ఆయన నన్ను తిట్టలేదు. బాబాకు మళ్లీ చెప్పుకోనూ లేదు. సెట్లు సంచిలో వేసుకుంటూ, “సరేలే అబ్బీ, నీ మాటే కానీ” అన్నాడు. వేట గుంపు పది సెట్లూ తీసుకుంది.

ఆ ఎండాకాలమంతా నేను ఆయనను చూడలేదు. చూడకుండా ఉండటానికి ఏం చేయాలో అంతా చేశాను. సబా అల్ సలేం వైపు డెలివరీ వస్తే ఇంకొకరిని పంపేవాణ్ణి. చలికాలం మొదట్లో ఒక శుక్రవారం సామాన్లు ఊరికి పంపే కార్గో కొట్టు దగ్గర అదే ఇంట్లో పనిచేసే మా వైపు ఆమె కలిసింది. ఆయన ఎలా ఉన్నాడని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

“ఉండాడునా. వంట చేస్తాడు, బండ్లు కడుగుతాడు. డేగ గదిలోకి రానీరు. పిల్లోళ్లు ఆయన్ని నాయిమ్ అని పిలుస్తారు. నిద్రపోయేటోడు అని. మొదట్లో మామా, అదే ఇంటమ్మ, తిట్టేది పిల్లోళ్లను. ఇప్పుడు ఆమె గూడా నవ్వుతాది.”

“ఆయనేమంటాడు?”

“ఏమంటాడు. పిలిస్తే పలుకుతాడు.”

గదికి వచ్చి మంచం కింద పెట్టెలోంచి నా సొంత సెట్లు రెండు తీశాను. అప్పటికప్పుడు పోయి ఆ ఇంటి తలుపు కొట్టాలనిపించింది. కానీ ఏమని చెప్పాలి? ఇరవై కాదు, ఎంత? అది నాకు నిజంగా తెలియదు. ఉజ్జాయింపుగా తెలుసు. ఒకసారి అంకెతో ఆయన పరువు తీసినవాణ్ణి, ఈసారి ఉజ్జాయింపుతో పోకూడదు అనుకున్నాను.

నా గదిలో ఉండేవాడు గోదావరి జిల్లా ఏసీ మెకానిక్. అతనికి పాత కారు ఒకటి ఉంది. శుక్రవారాలు అతన్ని బతిమాలి తీసుకుపోయాను.

“ఏవండీ, వారానికొక్క సెలవండి నాది. బిర్యానీ తిని పడుకోక ఈ ఇసకలో నిలబడి హలో హలో ఏంటండి బాబూ?” అనేవాడు.

“ఇంకో కిలోమీటరు పో.”

“పోతానండి. తప్పిపోతే మీ సెట్టు మీద అరుస్తాను. అందుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది కదండి.”

ప్రతి కొలతా ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఇద్దరం నిలబడి, చదునులో, పొడుగు ఏరియల్‌తో: ఐదున్నర. అదే చోట పొట్టి ఏరియల్‌తో: నాలుగు కూడా లేదు. బళ్లలో కూర్చుని: రెండున్నర. సెట్టును నడుముకు తగిలించుకుంటే ఇంకా తక్కువ, ఒంటికి తగులుతూ ఉంటే అది మూలుగుతుంది తప్ప పలకదు. బండి కప్పు మీద అయస్కాంతంతో నిలబెట్టే పెద్ద ఏరియల్ ఉంటే పన్నెండు దాటింది. కారు పైకెక్కి నిలబడి మాట్లాడినా ఒకటి రెండు పెరుగుతుంది. గుంతల సంగతి వేరు. రెండు నిలువుల లోతున్న గుంతలోంచి ఒక్క కిలోమీటరూ మూడు వందల మీటర్లు. ఆ తర్వాత గరగర. మా మెకానిక్ చేత మూడు గుంతలు దిగించాను. మూడో గుంత నుంచి ఎక్కి వచ్చి, “ఎవరికోసమండి ఇదంతా?” అని అడిగాడు. చెప్పాను. అతను తర్వాత శుక్రవారాల్లో బిర్యానీ మాట ఎత్తలేదు.

కొలతలు చేతికొచ్చాక దుకాణంలో ఇరవై అనడం మానేశాను. వేటకు సెట్లు కావాలని వచ్చినవాణ్ణి ముందు ఎక్కడ నిలబడతావని అడిగేవాణ్ణి. బండిలోనా, నేల మీదా, గుంతల్లోకి దిగుతావా, ఎన్ని బళ్లు. చేతి సెట్లు దగ్గర పనికే, దూరానికి బండి మీద ఏరియల్ ఉన్నది తీసుకోమని, దానికి పర్మిషన్ కాగితం పెట్టుకోమని చెప్పేవాణ్ణి. కొందరు పక్క కొట్టుకు పోయారు, అక్కడ ముప్పై పలుకుతుందట. మేనేజరు ఓసారి పక్కకు పిలిచాడు.

“నువ్వు అమ్మడానికి ఉన్నావా, ఆపడానికి ఉన్నావా?”

“ఉన్నంత చెప్పి అమ్ముతాను సార్. వద్దంటే కౌంటరు మార్చండి.”

నన్ను నెలరోజులు గోదాములో పెట్టాడు. తర్వాత సెట్లు బాగుచేసేవాడు సెలవు మీద పోతే మళ్లీ తెచ్చి నిలబెట్టాడు. నేను అదే చెప్పాను.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం సబా అల్ సలేం వెళ్లాను. బాబా దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే ముందరి గదిలో, ఒక్కడే ఉన్నాడు. నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని మొదటినుంచీ చెప్పాను. గుట్ట, పొట్టి ఏరియల్, బ్యాటరీ. బాబా జపమాల తిప్పుతూ విన్నాడు.

“ఆ రోజు నువ్వు అకీద్ అన్నావు.”

“అన్నాను బాబా. అబద్ధం.”

“ఎందుకు?”

“గిరాకీ నిలబడి ఉంది.”

బాబా నోటుబుక్కు తీసుకుని, తెలుగు రాత చదవలేక అటూ ఇటూ తిప్పి తిరిగి ఇచ్చాడు. “ఆ రోజూ నోటితోనే చెప్పావు. ఈ రోజూ నోటితోనే చెబుతున్నావు. చూపించు. శుక్రవారం. యల్లా, పద.”

లోపలినుంచి టీ తెచ్చినవాడు మా అన్నే. నా ముందు కప్పు పెట్టి, నావైపు చూడకుండా పోయాడు.

శుక్రవారం పొద్దున్నే బాబా పాత గుడారం చోట ఆగాడు. అవే రెండు సెట్లు, అవే పొట్టి ఏరియళ్లు. నేను ముట్టుకోకుండా రాత్రి బాబాయే ఛార్జింగ్ పెట్టాడు. అరగంట లోపల మాట అందకపోతే తనే వస్తానన్నాడు. నేను పికప్‌లో మా అన్న పక్కన కూర్చున్నాను. ఎనిమిది కిలోమీటర్లలో ఆయన ఒక్క మాటే మాట్లాడాడు, “బెల్టు పెట్టుకో” అని.

గుంత అంచున బండి ఆపి, ఈసారి లోపలికి దించకుండా, నడిచి దిగాడు. అటూ ఇటూ చూసి ఒకచోట నిలబడ్డాడు. “ఈడనే” అన్నాడు. సెట్టు నోటి దగ్గర పెట్టుకుని బటన్ నొక్కాడు.

“బాబా, బాబా. పక్షి నా దగ్గరుంది. బతికే ఉంది. రెక్కకు దెబ్బ. బండి దిగబడింది. తొందరగా రండి.”

గరగర. రెండు నిమిషాలాగి మళ్లీ అవే మాటలు. నేను పక్కన నిలబడి విన్నాను. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఏడోసారికి నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. అయినా నిలబడ్డాను. అంచు ఎక్కి పిలువు, కాస్త మెరుగ్గా ఉంటుందని నోటిదాకా వచ్చింది. సెట్లు అమ్మినప్పుడే ఈ ముక్క చెప్పి ఉంటే ఆయన అంచు ఎక్కేవాడు, బండి మీదికి ఎక్కేవాడు, కొంత దూరం నడిచేవాడు. ఇరవై పలుకుతుందని నమ్మినవాడు కాబట్టే కిందనే ఉండి పిలిచాడు.

బాబా బండి అంచుకు వచ్చి ఆగింది. దిగి వచ్చి తన సెట్టు ఎత్తి చూపించాడు. అది వెలుగుతూనే ఉంది.

“ఎన్నిసార్లు పిలిచావు?”

“పదకొండు బాబా.”

“ఆ రోజు?”

“లెక్కపెట్టలేదు బాబా. అది ఆగిపోయేదాకా.”

బాబా ఇసుకలోకి చూశాడు. తర్వాత ఆయన భుజం మీద చెయ్యి వేసి, “రేపటినుంచి పక్షికి మాంసం నువ్వు కోయి” అన్నాడు. ఇంట్లో పిల్లలకు తనే చెబుతానన్నాడు. బండెక్కి గుడారం వైపు పోయాడు.

నా పని అయిపోయిందనుకున్నాను. వచ్చిన పని నెరవేరినవాడిలా పికప్ వైపు నడిచాను కూడా. వెనకనుంచి ఆయన పిలిచాడు.

“అబ్బీ. బాబాకు చెప్పినావు. మంచిదే. చూపించినావు. అదీ మంచిదే. నాకేమన్నా చెప్పేది ఉందా?”

తిరిగి ఆయన దగ్గరికి దిగి వెళ్లాను. ఏడాది నుంచి అందరితోనూ మాట్లాడాను. ఈ మనిషితో ఒక్క ముక్క మాట్లాడలేదు. నోటుబుక్కు జేబులోనే ఉంచాను.

“ఉందినా. ఆ పొద్దు నువ్వు పిలిచినావని నాకు తెలుసు. బ్యాటరీ చూసిన్యప్పుడే తెలిసిపాయ. గుంతలోనుంచి అందదనీ తెలుసు. నువ్వు నన్ను మనూరోడని అడిగినావు, నేను దుకాణమోడినై చెప్పినా. నిన్ను ఏడాది పొడుగునా నిద్రపోయేటోణ్ణి చేసినా. తప్పు నాదినా. బాబాది కాదు, సెట్టుది కాదు. నన్ను క్షమించు.”